మంచు మీద చిన్న అడుగులు

ఇన్నేళ్లూ ఒక అబద్ధాన్ని మోస్తూ తిరిగాను. చిన్న అబద్ధమే. చెప్పడానికి ఊపిరి తీసుకున్నంత సేపు కూడా పట్టలేదు. దాని వల్ల ఒక మనిషి కాలి వేళ్లు పోయాయని అనను. వేళ్లు అంతకు ముందే పోయాయి, అదీ నా మాట వల్లే. అబద్ధం వల్ల పోయింది ఆమె బతుకుతెరువు, మంచి పేరు. ఈ రెండూ విడివిడిగా చెప్పుకోవాలి. కలిపి చెబితే ఒకే తప్పులా కనిపిస్తుంది. నేను చేసినవి రెండు.

మీరెవరో నాకు తెలియదు. తెలిసినవాళ్లకు చెప్పే ధైర్యం లేకే మీకు చెబుతున్నాను. ఫిల్మ్‌నగర్‌లో ఒకరి చెవిలో వేస్తే సాయంత్రానికి ఊరంతా పాకుతుంది.

నేను సినిమాల్లో కో-డైరెక్టర్‌ని. డైరెక్టర్ గారు ఏది కావాలంటే అది జరిగేలా చూడటం నా పని. రేణుక డూప్. హీరోయిన్ బదులు దూకడం, పడటం, దూరం నుంచి వెనక వైపు కనిపిస్తూ నడవడం ఆమె పని. యూసుఫ్‌గూడలో ఉండేది. చలాకీ మనిషి. ఎంత ఎత్తు నుంచి దూకినా లేచి, చీర దులుపుకుని, టీ ఏదని అడిగేది.

ఒక పాట కోసం చలికాలంలో హిమాచల్ వెళ్లాం. కొండల మీద గడ్డకట్టిన సరస్సు, దాని వెనక ఒక శిఖరం. హీరోయిన్ ఒంటరిగా ఆ మంచులో ఎక్కిపోతుంటే ఇవతలి ఒడ్డు నుంచి హీరో చూడాలి. హీరోయిన్ అసలు కొండ ఎక్కనే లేదు. ఆవిడ క్లోజప్‌లన్నీ జూబ్లీహిల్స్‌లోనే, ఏసీ వేసిన స్టూడియో ఫ్లోర్‌లో, నురుగు మంచు మధ్య తీసేశాం. అక్కడికి వెళ్లింది రేణుక, మేం కొద్దిమందిమి.

సరస్సు దాకా నడకే. అక్కడి గైడు అందరి బూట్ల కిందా స్నోషూలు కట్టాడు. షటిల్ బ్యాట్లలా వెడల్పుగా ఉంటాయి. మనిషి మెత్తటి మంచులో దిగబడకుండా ఆపుతాయి. మొదట్లో అందరం బాతుల్లా నడుస్తూ ఒకరిని చూసి ఒకరం నవ్వుకున్నాం. రేణుకకు మాత్రం ఇట్టే పట్టుబడింది. పైకి చేరాక సరస్సు కనిపించింది. అంత తెలుపు, అంత నిశ్శబ్దం నేను మళ్లీ చూడలేదు. చూడాలనీ లేదు. గైడు టీ, దుప్పట్లు తేవడానికి కిందికి వెళ్తూ ఒకటే చెప్పాడు, సరస్సు దాటాక ఇవి విప్పొద్దని.

డైరెక్టర్ గారు కెమెరాతో ఇవతలి ఒడ్డున ఉండిపోయారు. నేను, రేణుక అవతల వాలు దగ్గరికి వెళ్లాం. ఆమె కొంత దూరం ఎక్కేసరికే నా వాకీటాకీలో ఆయన గొంతు లేచింది. ఆ జాడలేమిటి, అమ్మాయి నడిచినట్టుందా, ఏనుగు నడిచినట్టుందా అని. నిజమే. స్నోషూల జాడలు పళ్లేలు బోర్లించినట్టు పడ్డాయి. పాటలో హీరోయిన్ కాళ్లకు ఉన్నవి సన్నటి తోలు బూట్లు, రేణుక తొడుక్కున్నవీ అవే. చిన్న చిన్న అడుగులు పడాలి. ఏదో ఒకటి చెయ్యి అన్నారు ఆయన. విప్పించమని మాత్రం అనలేదు. ఒక్కసారి అని ఉంటే ఆయన మీదికి తోసేసేవాణ్ని కదా అని ఎన్నిసార్లు అనుకున్నానో.

నేనే ఆమెను వెనక్కి పిలిచాను. స్నోషూలు విప్పేయ్ రేణుకా, పక్కనున్న చెదరని మంచులోంచి ఎక్కు అన్నాను. ఆమె నా ముఖంలోకి చూసింది. గైడు మాట గుర్తు చేస్తుందనుకున్నాను. చేయలేదు. వంగి పట్టీలు విప్పి, వాటిని నా చేతికిచ్చింది.

మోకాళ్ల దాకా దిగబడుతూ, కాలు పీక్కుంటూ ఎక్కింది. దూరానికి అదెంత అందంగా ఉందో చెప్పలేను. తెల్లటి మంచులో ఎర్ర చీర, వెనకాల సన్నటి అడుగుల వరుస. షాట్ ఓకే అయింది. సేఫ్టీకి ఇంకోటి తీశాం. తర్వాత డ్రోన్‌తో తీస్తుండగా మబ్బు పట్టింది. ఎండ వచ్చేదాకా ఆమెను శిఖరం కింద అలాగే నిలబడమన్నాను. దిగితే జాడలు చెడిపోతాయి కదా. కాసేపటికి వాకీటాకీలో నాతో మాట్లాడింది.

“కాళ్లున్నట్టే తెలుస్తలేదు సార్.”

“ఒక్క షాట్ రేణుకా. ఎండ వచ్చేస్తోంది. కొంచెం ఓర్చుకో.”

“సరే సార్.”

ఆ గొంతులో వణుకు లేదు. వణుకు ఆగిపోవడమే ప్రమాదమని తర్వాత డాక్టర్లు చెప్పారు. ఎండ వచ్చింది, షాట్ వచ్చింది, ఆమె రాలేకపోయింది. తెలివి తప్పిన మనిషిని మోసుకుని దించాం. ఆస్పత్రిలో బూట్లు కోసి తీయాల్సి వచ్చింది. కుడి కాలి వేళ్లన్నీ తీసేశారు.

వరండాలో ప్రొడక్షన్ మేనేజర్ అడిగాడు, స్నోషూలు లేకుండా ఎందుకెక్కిందని. బరువుగా ఉన్నాయని తనే విప్పేసింది అన్నాను. ముందుగా అనుకున్న మాట కాదు. కాదా? కిందికి వస్తున్నప్పుడు జీపులో ఆమె తల నా ఒడిలోనే ఉంది. అప్పుడే తయారై ఉంటుంది. ఆ సినిమా నిర్మాత నాకు డైరెక్షన్ ఛాన్స్ ఇస్తానని మాటిచ్చి ఉన్నాడు. ఆ మాట కోసం చెప్పులరిగేలా తిరిగినవాణ్ని, అది చేజారిపోతుందని భయపడ్డాను. విప్పొద్దని తాను చెప్పే వెళ్లానన్నాడు గైడు. దాంతో నా మాటకు బలం వచ్చింది. జాడలు ఎలా మారాయని డైరెక్టర్ గారు అడగలేదు. అడక్కపోవడమే ఆయనకూ సుఖం.

తప్పు ఆమెదేనని తేలడంతో కంపెనీ చేతులు దులుపుకుంది. చెప్పిన మాట వినదని పేరు పడింది. వేళ్లు లేని మనిషిని డూప్‌గా ఎలాగూ పిలవరు, కూర్చుని చేసే పనికి కూడా ఎవరూ పిలవలేదు. నాకు ఛాన్స్ వచ్చింది. సినిమా వారం ఆడలేదు. మళ్లీ కో-డైరెక్టర్‌నే అయ్యాను. ఆమె పాదం పెట్టి నేను కొనుక్కున్నది అదీ.

ఇంతటితో అయిపోతే బహుశా ఇది రాసేవాణ్ని కాదు. మొన్న ఇంకో సినిమా షూటింగ్ మంచుకొండల్లో పడింది. డూప్ కొత్త అమ్మాయి. అనుభవం ఉన్నవాళ్లు నాలుగు మాటలు చెబితే మంచిదని ఎవరో రేణుకను జూబ్లీహిల్స్ ఆఫీసుకు పిలిపించారు. రెయిలింగ్ పట్టుకుని మెల్లగా మెట్లెక్కి వచ్చింది. నన్ను చూసి నవ్వింది. ఇంట్లో బ్లౌజులు కుడుతోందట. అందరి ముందూ నిజం చెప్పేస్తుందని భయం. చెప్పేస్తే బాగుండునని ఆశ కూడా. ఆమె ఆ అమ్మాయి పక్కన కూర్చుంది.

“ఏమైనా గానీ, అవి మాత్రం ఇప్పకు బిడ్డా. నేను బరువైతున్నయని ఇప్పేసిన. సార్ వద్దు వద్దన్నరు, నేనే ఇనలే. మాట ఇనకనే గిట్లయింది నా కాలు.” నా వైపు తిరిగింది. “కాదా సార్?”

వెటకారమేమోనని ఆమె కళ్లలో వెతికాను. లేదు. చలికి మొద్దుబారిన ఆ పూట ఆమెకు గుర్తే లేదు. ఆస్పత్రిలో కళ్లు తెరిచాక అందరూ ఏం చెప్పారో అదే నమ్మింది. అన్నేళ్లుగా తనను తానే తిట్టుకుంటోంది. సార్ వద్దన్నారన్న ముక్క నేను కూడా అల్లలేదు. నా మీది గౌరవంతో ఆమే చేర్చుకుంది.

ఒక్క మాట చాలు. కాదు రేణుకా, అంటే చాలు. అవును అన్నాను.

ఈసారి ఎందుకు? రాబోయే ఛాన్సూ లేదు, నిలబెట్టుకోవాల్సిన పేరూ లేదు. ఇంకేం పోతుందని? పిరికితనం అలవాటైపోయింది, అంతే కావచ్చు.

ఆ తర్వాత యూసుఫ్‌గూడలో ఆమె ఇంటి దాకా వెళ్లాను. కుట్టుమిషన్ చప్పుడు వినిపించింది. వెనక్కి వచ్చేశాను. ఇప్పుడు చెప్పి ఆమెను కొత్తగా బాధపెట్టడమెందుకని నాకు నేను సర్దిచెప్పుకుంటాను. అదీ అబద్ధమే. ఎప్పటికైనా చెబుతానన్న నమ్మకం నాకు లేదు. తప్పు తనదేననుకుంటూనే ఆమె బతుకు వెళ్లిపోతుంది.

ఇది రాశాక ఛాతీలో ఏదో కొంచెం వదులైంది. ఆ మాత్రం సుఖం కూడా నాకు దక్కాల్సింది కాదు. అయినా ఎక్కడో ఒకచోట ఉన్నది ఉన్నట్టు ఉండాలి. రేణుక మాట వినని మనిషి కాదు. నేను విప్పమన్నాను, విప్పింది. నిలబడమన్నాను, నిలబడింది.