ఉత్తుత్తి రోగి మారెక్క

బెళుగుప్ప దగ్గర వేరుశనగ చేలల్లో కూలి చేసుకునే మారెక్క కరోనా మొదటి ఏడాదిలో పన్నెండు రోజులు ఆసుపత్రిలో ఉంది. ఆ పన్నెండు రోజులూ ఒళ్ళంతా తెల్లటి సూట్లు తొడుక్కున్న మనుషులు వచ్చి సూది వేసి పోయేవారే తప్ప, ఎవరు ఎవరో ఆమెకు తెలిసేది కాదు. ఒక్క గొంతు మాత్రం గుర్తుపట్టేది. అది హెడ్ నర్సు కృపాకుమారిది.

ఆ కృపాకుమారే నిరుడు వేసవిలో కబురు పంపింది. మళ్ళీ అలాంటి వైరస్ వస్తే తడబడకుండా సిబ్బందికి తర్ఫీదు ఇస్తున్నారనీ, రోగిలా పడుకోవడానికి ఒక మనిషి కావాలనీ చెప్పింది. మారెక్కకు నవ్వొచ్చింది. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి పడుకునే పని ఎవరూ ఇచ్చింది లేదు. ఉతికిన చీర కట్టుకుని మొదటి బస్సుకే వచ్చి దిగింది.

తర్ఫీదు చూసేది ఉదయ్ కుమార్ అనే డాక్టరు. అంబులెన్సు గేటు దగ్గర ఆగింది మొదలు ఆక్సిజన్ పెట్టేదాకా ఎనిమిది నిమిషాలు దాటకూడదని అతని పట్టుదల. సిబ్బంది సూట్లూ మాస్కులూ తగిలించుకుని, మారెక్కను స్ట్రెచరు మీద తోసుకుంటూ పరుగు తీశారు. వేలికి ఆక్సిజన్ కొలిచే క్లిప్పు పెట్టారు. మూతికి ఆక్సిజన్ మాస్కు బిగించారు. ఏడు నిమిషాల్లో అంతా అయిపోయింది. డాక్టరు మెచ్చుకోబోయేంతలో మారెక్క మాస్కు లాగేసి లేచి కూర్చుంది.

“ఎవురు మీరు, యాడికి తీస్కపోతాండారు, మూతికి పెట్టిండేది ఏంది, ఒక్కరూ చెప్పల్యా సార్. నిజంగా రోగముంటే ఈపాటికి దిగి పారిపోయుంటి,” అంది.

డాక్టరు ముఖం చిన్నబోయింది. అప్పుడు కృపాకుమారి పాత సంగతి బయటపెట్టింది. ఆనాడు మారెక్క నిజంగానే మాస్కు పీకేసి మంచం దిగబోయింది. నలుగురూ పట్టుకుని పడుకోబెట్టారే గానీ, అది ఊపిరి అందించేదని చెప్పే తీరిక ఎవరికీ లేకపోయింది.

డాక్టరు కుర్చీ లాక్కుని మారెక్క పక్కన కూర్చున్నాడు.

“అయితే ఎట్ల చేయాల్నో నువ్వే చెప్పమ్మా.”

మారెక్క మొహమాటపడలేదు. సూటు మీద పేరు రాసుకోమంది. తనకు చదువు రాదు కాబట్టి నోటితోనూ చెప్పాలంది. మాస్కు ముందు చేతికిచ్చి చూడనివ్వమంది. ఇంటివాళ్ళకు కబురు ఎవరు చేస్తారో కూడా చెప్పాలంది. అలా చేస్తే రెండోసారి తొమ్మిది నిమిషాలు దాటింది. తోస్తూనే మాట్లాడటం అలవాటయ్యాక, మధ్యాహ్నానికి ఏడున్నర నిమిషాలకు దిగింది.

ఇప్పుడు గోరంట్ల, కొత్తచెరువు నర్సులు కూడా ఈ తర్ఫీదుకు వస్తున్నారు. ప్రతిసారీ మంచం మీద మారెక్కే ఉంటుంది. మొన్న అంజలి అనే కొత్త నర్సు బెదురు బెదురుగా పేరు చెబితే, ఆ మాస్కులోంచి ఏమీ వినబడలేదు.

“ఇంగా గట్టిగా చెప్పు పాపా. ఊపిరాడనోళ్ళకు చెవులు కూడా సరిగ్గా పనిచేయవు,” అంది మారెక్క.

ఆ పిల్ల గట్టిగా ఊపిరి పీల్చుకుని, “నేను అంజలి, మీ నర్సును” అని అరిచింది. బయట ఓపీ చీటీ కోసం వరుసలో నిలబడిన ఇంకో అంజలి, తననే పిలిచారనుకుని తలుపు తోసుకుని లోపలికి వచ్చింది.