తుత్తం నీళ్ళు, మే ఎండ

మా ఇంట్లో అందరికీ బర్రెలంటే ప్రాణం, నాకు నాచంటే ప్రాణం. బహదూర్‌పురాలో మా బాపుది తాతల నాటి బర్రెల కొట్టం. నేను డిగ్రీ కాలేజీలో వృక్షశాస్త్రం చెబుతాను. నా చదువంతా నీళ్ళలో పెరిగే పాచి మీదే అని తెలిసినప్పటి నుంచి అమ్మ చుట్టాలకు నన్ను "మా పాసి పంతులమ్మ" అని చూపించేది. పైకి నవ్వేదాన్ని గానీ లోపల మండేది.

మొన్నటి ఎండాకాలం బర్రెలు తొట్టిలో మూతి పెట్టడం మానేశాయి. నీళ్ళ మీద గోధుమరంగు తెట్టు, ముక్కు మూసుకోవాల్సినంత కంపు. నల్లా నుంచి బకెట్లు మోసి మోసి బాపుకు నడుం పట్టేసింది. పాలు తగ్గిపోయాయి. ఇట్లాగే ఉంటే ముందు ముసలి బర్రెను అమ్మేస్తానన్నాడు. దాని పాలతోనే నా కాలేజీ చదువు గడిచింది. కోపంతో నాకు అన్నం సయించలేదు.

అందరూ ఎండను తిట్టారు. నిజమే, ఆ మే నెలలో తొట్టిలో చెయ్యి పెడితే చురుక్కుమనేది. నా అనుమానం మాత్రం మైలుతుత్తం మీద. గిట్టలు చెడకుండా బర్రెలను ఆ నీలం నీళ్ళలో నిలబెడతారు. కలిపిన బకెట్లో కాస్త మిగిలితే పారబోయడానికి అమ్మకు చేతులు రావు. నాచు పట్టకుండా ఉంటుందని ఒక చెంబెడు తొట్టిలో పోసేది. నేను తుత్తం పేరెత్తగానే ఇంతెత్తున లేచింది.

"చలికాలమంత పోసిన, ఏం కాలె. ఇప్పుడు నా చెయ్యి ఇసమైందా?"

అమ్మతో నోటితో వాదించి గెలిచినవాళ్ళు మా ఇంట్లో లేరు. బేగంబజార్ వెళ్ళి నాలుగు ప్లాస్టిక్ టబ్బులు కొన్నాను. ఎందుకని దుకాణం భాయ్ అడిగితే కాయీ పెంచడానికన్నాను. ఉర్దూలో నాచును అట్లాగే అంటారు. లోకమంతా గీకి పారేసేదాన్ని పెంచుతానంటున్న నన్ను ఆయన ఎగాదిగా చూశాడు.

నాలుగింట్లో ఒకే నాచు వేసి, రెండు నీడలో, రెండు డాబా మీద పెట్టాను. నీడలో ఒకదానికి, ఎండలో ఒకదానికి అమ్మ చేతే తుత్తం నీళ్ళు పోయించాను, కొలత కూడా ఆమెదే. కొన్నాళ్ళకు చూస్తే, ఉత్త నీడలోది పచ్చగానే ఉంది. ఉత్త ఎండలోది వెలిసిపోయింది గానీ బతికింది. నీడలో తుత్తం తాగిందీ అంతే. రెండూ తగిలినది మాత్రం కుళ్ళి గంజిలా అయింది. అదే తెట్టు, అదే కంపు. వీధంతా వినబడేట్టు డాబా మీద నుంచి అమ్మను పిలిచాను.

అమ్మ ఒక్కో టబ్బు మీదికి వంగి వాసన చూసింది. చివరిదాని దగ్గర ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది. నేను పాఠం మొదలుపెట్టబోయాను, ఆమె చెప్పనివ్వలేదు.

"గోరుచుట్టు మీద రోకటిపోటు," అంది. "ఎండకే సగం సచ్చినదాని మీద నేను తుత్తం పోసిన."

అమ్మ నా మాట ఒప్పుకోవడం పుట్టి బుద్ధెరిగాక అదే మొదలు. సంతోషంతో కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

ఆ సాయంత్రమే తొట్టి ఖాళీ చేసి, బూడిదతో, కొబ్బరి పీచుతో తోమాం. గోనెసంచులు కుట్టి పైన నీడ కట్టాం. మిగిలిన తుత్తం నీళ్ళకు మూత ఉన్న డబ్బా ఒకటి వచ్చింది. పొద్దున కొత్త నీళ్ళు నింపి ముసలి బర్రెను వదిలాం. అది వాసన చూసి తల వెనక్కి తీసుకుంది. మళ్ళీ చూసింది. ఆ తర్వాత మూతి ముంచి, తొట్టి మట్టం దిగేదాకా తాగింది.

బర్రెను కొనేవాడు పలుపు తానే తెచ్చుకోవాలి. కొనడానికి వచ్చినాయన కొత్త పలుపు చేతికి చుట్టుకుని కొట్టం గుమ్మంలో నిలబడి ఉన్నాడు. బాపు అటు తిరిగాడు.

"అమ్ముతలేను భాయ్. మా బిడ్డ నీళ్ళు బాగుచేసింది."

సరిగ్గా వినబడలేదని అబద్ధమాడి, ఆ మాట ఇంకోసారి చెప్పించుకున్నాను.