నీళ్లు తక్కువైన పక్క

నిన్న మా ఇంట్లో బల్ల మీద కొత్త అక్వేరియం పెట్టాం. నీళ్లు ఎడమవైపు అంచుదాకా, కుడివైపు రెండు వేళ్లు కిందికి ఉన్నాయి. మిర్యాలగూడలో మా చిన్నప్పటి చేపల తొట్టి గుర్తొచ్చింది.

అదీ ఇలాగే ఉండేది. కుడిపక్క నీళ్లు చాలలేదనుకుని, ఆరేళ్ల నేను ఆ పక్కే మగ్గుతో పోస్తూ పోయాను. ఎడమపక్క పొర్లి, ఎర్రచేప ఒకటి గచ్చు మీద పడింది. త్రిపురారం నుంచి వచ్చిన తాత దాన్ని దోసిట్లో ఎత్తి తొట్టిలో వేశాడు.

“వరి మడిల గూడ నీళ్లు సాపుగనే నిలుస్తయి బిడ్డా. వంకరంత కింది మట్టిదే. గీ బల్ల కాలు సూడు,” అన్నాడు.

సగం నీళ్లు తోడేసి, పొట్టి కాలి కింద చెక్కముక్క దోపాడు.

నిన్న నేనూ చెక్కముక్క వెతికి తెచ్చాను. అప్పటికే మా పాప మగ్గు పట్టుకుని కుడిపక్క నిలబడింది.

రెండు మగ్గులు పోయనిచ్చాకే బల్ల కాలు చూపించాను.