కాగే కుడితిలో వెయ్యమన్న పొడి

ఐటీ ఊపులో ఉన్న ఆ రోజుల్లో అమీర్‌పేటలో నన్ను పందుల డాక్టరు అనేవారు. అనేవారంటే, నేనే అనిపించుకునేవాణ్ణి. పశువైద్యం చదవలేదు. ఒక కంప్యూటర్ కోచింగ్ సెంటర్ మెట్ల కింద గదిలో దాణా మందులు అమ్మేవాణ్ణి. పైన కుర్రాళ్ళు సాఫ్ట్‌వేర్ నేర్చుకుంటుంటే, కింద నేను పంది కడుపులో మేలు చేసే సూక్ష్మజీవుల మీద ఉపన్యాసాలు దంచేవాణ్ణి. శ్రోతలు కిక్కిరిసేవారు. సరే, టీ కొట్టాయన ఒక్కడే.

నిజంగా నమ్మింది ఒకామె. మధురానగర్ హాస్టళ్ళలో మిగిలిన అన్నం, సాంబారు డ్రమ్ముల్లో నింపుకుని, ట్రాలీ ఆటోలో ఊరి బయట తన పందుల దొడ్డికి తీసుకుపోయి, కుడితి కాచి పోసేది. ఆమె పెంచిన ఆడపందికి కిందటి ఈతలో పిల్లలన్నీ విరేచనాలతో పోయాయి. ఇప్పుడది మళ్ళీ చూడితో ఉంది.

"ఈసారి సుత పిల్లలు దక్కకపోతే దాన్ని కోతకు ఇస్తనంటుండు మా ఆయన. నా చేత్తోటి సాదిన సార్. జర మంచి మందియ్యి."

"తల్లి కడుపు బాగుంటే పిల్లల కడుపూ బాగుంటుందమ్మా" అని ఆ మేలు చేసే సూక్ష్మజీవులుండే ప్రోబయోటిక్ పొడి ఇచ్చాను. అంతవరకూ నిజమే.

"ఎట్ల కలపాలె?"

నాకు తెలీదు. తెలీదంటే డాక్టరుగిరీ ఏం కాను? "కుడితి సలసల కాగేటప్పుడే వెయ్యండి. సత్తువంతా దిగుతుంది."

ఆమె అలాగే వేసింది. పంది ఈనింది. పిల్లలు మళ్ళీ పోయాయి.

పంజాగుట్టలో నాకు సరుకిచ్చే డీలరు మీదికి ఎగిరాను. ఆయన అంతా విని నవ్వాడు. "అవి బతికున్న జీవాలండీ బాబూ! మీ ఇంట్లో పెరుగు తోడు మరిగే పాలల్లో వేస్తారా ఏంటి?"

మర్నాడు ఆమె వచ్చింది. నన్ను తిట్టడానికే అనుకున్నాను.

"మందు మంచిదే ఉంటది సార్. నా చెయ్యే మంచిగ లేదు. ఇంట్ల అందరూ గదే అంటుండ్రు."

అప్పుడే చెప్పాల్సింది. చెప్పకుండా అదే పొడిని వేరే డబ్బాలో పోసి ఇచ్చాను. "ఇది కొత్త రకం, పవర్ ఎక్కువ. బాగా చల్లారాకే కలపండి. ఇంకొక్క ఈత ఆగమనండి మీ ఆయన్ని."

ఆగాడు. ఈసారి పిల్లలు దక్కాయి. మెట్ల నిండా కుర్రాళ్ళున్నప్పుడు ఆమె ట్రాలీలోంచే కేకేసింది. "డాక్టర్ సాబ్! పిల్లలు మస్తుగ పాలు తాగుతున్నయ్!"

ఛాతీ ఉబ్బించుకుని బయటికొచ్చాను. "చూశారా! చల్లారాకే కలిపారా?"

"మా ఆడబిడ్డతోని కలిపించిన సార్. నేను కుడితి ముట్టుడు బంద్ జేసిన. నన్ను జూస్తే అది గుర్‌గుర్ అనుకుంట తడిక దాకా వస్తది. గయినా చెయ్యి పెట్ట. అది బతకాలె గద."

మీ చేతిలో ఏ దోషమూ లేదమ్మా అన్న మాట నోటిదాకా వచ్చింది. కుర్రాళ్ళు నన్నే చూస్తున్నారు.

"జాగ్రత్తగా ఉండటం మంచిదేనమ్మా" అన్నాను.