మొగం చూసి ఇచ్చే నంబరు

మా మేనత్తతో పని పడనంత కాలం ఆమెను మెచ్చుకోవడం తేలిక. నాకు పని పడింది.

విరుదునగర్‌లో పప్పు మిల్లులో గుమాస్తాను నేను. మా అమ్మాయికి తూత్తుకుడిలో నర్సింగ్ సీటు వచ్చింది. చదువు రుణానికి బ్యాంకువాళ్ళు నా ఆదాయపు పన్ను రిటర్ను అడిగారు. ఆన్‌లైన్‌లో వేశాను కానీ, వేసింది నేనే అని నిరూపించుకునే పనిని నాన్చుతూ వచ్చాను. అది కాకపోతే రిటర్ను వేయనట్టే, సీటూ లేనట్టే. ఆఖరి రోజున బ్రౌజింగ్ సెంటర్‌లో కూర్చుంటే, ఆధార్‌కు జతచేసిన ఫోనుకు ఓటీపీ పంపామంది కంప్యూటర్. నా ఫోను మూగనోము పట్టింది. తెరమీది చివరి అంకెలు చూశాక గుర్తొచ్చింది, అది అత్త నంబరు.

విళాత్తికుళం పక్కన మా పల్లెలో ఆధార్ తీసిన రోజుల్లో సెల్‌ఫోను ఉన్నది అత్త ఇంట్లోనే. వీధిలో సగంమంది ఆ నంబరే ఇచ్చారు, ఇచ్చి మరిచిపోయారు. అత్త మరిచిపోలేదు. మామ పోయాక కోవిల్‌పట్టికి వచ్చి అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో చేరినా, ఆ కూలిలోంచే పాత సిమ్ముకు రీచార్జి చేయిస్తూ వచ్చింది.

ఆమెకు ఫోను చేసి, చుట్టూ జనం ఉన్నారని తమిళంలో మాట్లాడాను. టక్కున పెట్టేసింది. బయటికి వచ్చి మళ్ళీ చేసి, ఈసారి ఇంటి మాటలో, తెలుగులో మొదలుపెట్టాను.

"అత్తా, నేను. నీ ఫోనుకు ఒక నంబరు వచ్చుంటాది, చెప్పు."

"వచ్చింది. చెప్పను."

"నా గొంతు తెలీలేదా?"

"గొంతు నీ మాదిరే ఉండాది. నేరులో రా. మొగం చూసి ఇస్తా."

"అవసరం అత్తా. ఈ పొద్దే ఆఖరు."

"అవసరం అవసరం అనేవాడంటేనే నాకు బయం."

చిన్నప్పుడు నన్ను చంకనేసుకుని తిప్పిన మనిషి. ఒళ్ళు మండిపోయింది. కోవిల్‌పట్టి బస్సెక్కి, సాత్తూరు దాటేదాకా ఆమెను తిట్టుకుంటూనే ఉన్నాను.

వాకిట్లోనే నిలబెట్టి నన్ను పైనుంచి కిందిదాకా చూసింది. "సరి, ఇప్పుడు అడుగు," అంది. నా ఫోనులో పోర్టల్ తెరిచి మళ్ళీ ఓటీపీ అడిగాను. ఆమె ఫోను మోగింది. దాన్ని నా చేతికిచ్చి, "నీది మాత్రం చూడు. కిందవి ఊరోళ్ళవి," అంది. నేను అంకెలు కొట్టేదాకా నా బొటనవేలి మీంచి చూపు తిప్పలేదు. నిర్ధారణ అయినట్టు తెరమీద వచ్చింది. ప్రాణం కుదుటపడింది. పడ్డాక కోపం మళ్ళీ లేచింది.

"మనవాళ్ళని కూడా నమ్మవా అత్తా?"

ఫోను కొంగుతో తుడుచుకుంటూ నెమ్మదిగా చెప్పింది. "ముందర అడిగినోడూ మనోడే. అత్తా అనే పిలిచినాడు, మన మాటలోనే. ఊర్లో మా ఎదురింటామె నంబరు అడిగితే నేనూ చెప్పేస్తి. ఆమె బ్యాంకులో దాచుకున్న దుడ్డంతా పాయె. ఈ పొద్దుకీ ఆమె నన్ను ఒక్క మాట అనలేదు రా."

ఎవడని అడిగాను. పేరు చెప్పలేదు.

"అట్లాంటప్పుడు ఆ సిమ్ము పారేయరాదా?"

"పారేస్తే మిగతావాళ్ళ పనులు ఎట్లా?"

అంత దెబ్బ తిన్నాక నేనైతే చేతులు దులుపుకునేవాణ్ణి, ఎవరి తిప్పలు వాళ్ళు పడతారని. ఈమె కావలి ఇంకా గట్టి చేసుకుంది, అదీ తన కూలి డబ్బుతో. ఇలాంటి మనిషి నా రక్తసంబంధం అయినందుకు గర్వంగా అనిపించింది. ఆ మాట పైకి అంటే చీవాట్లు పడేవి, అందుకని ఆమె పోసిచ్చిన మజ్జిగ గడగడా తాగేశాను.

ఇంతలో మా అమ్మాయి ఫోను చేసింది. స్పీకర్ పెట్టాను.

"అయిందా నాయనా?"

"అయింది," అని అత్తే జవాబిచ్చింది. "కాలేజీలో ఎవరి నంబరు ఇచ్చినావే?"

"నాయనదే అవ్వా. ఆధార్‌లోనూ అదే."

అత్త ఒకసారి నా వైపు చూసి, ఫోను దగ్గరికి లాక్కుంది.

"రేపే పోయి నీ నంబరు రాయించుకో. నీ పనికి నువ్వు ఇంకొకరి వాకిట్లో నిలబడకూడదు. మీ నాయన వాకిలైనా సరే."