బొట్టు పెట్టిన ఫ్లాపీలు

విజయదశమి, 1991. జమ్మికుంట. హాజరు: జిన్నింగ్ మిల్లు సావుకారు, తూకం చూసే కాంటా మామ, కంప్యూటరు, నేను. (డైరీలో కంప్యూటరును కూడా హాజరు వేశానంటే అప్పట్లో దాని మర్యాద ఎంతటిదో మీరే ఊహించుకోండి.)

ఆ రోజుల్లో కంప్యూటరు గదిలోకి చెప్పులు విడిచి వెళ్లేవాళ్లం. దుమ్ము పడకూడదని మొదలైన అలవాటు కొన్నాళ్లకే భక్తిగా మారింది. కరీంనగర్‌లో కోర్సు ముగించి వచ్చిన నన్ను, పత్తి తూకం చీటీలు అచ్చువేసే ప్రోగ్రాం రాయడానికి సావుకారు పెట్టుకున్నాడు. షరతు ఒక్కటే. "దసరా తెల్లారి పత్తి బండ్లొస్తయ్. మొదటి బండికే చీటి రావాలె. రాకుంటే ఈ కంప్యూటర్ డబ్బను హైదరాబాదుకు, నిన్ను మీ బాపు దగ్గరికి వాపస్ పంపుత." మా బాపు అప్పటికే "మావోడు కంప్యూటర్ల ఉన్నడు" అని ఊరంతా చెప్పుకుని తిరుగుతున్నాడు. తిరిగి వెళ్లడానికి నాకు మొహం లేదు.

ప్రోగ్రాం రాయడం అయింది. రాసినదాన్ని యంత్రానికి అర్థమయ్యేలా మార్చే కంపైలర్‌కు మాత్రం కొత్త వెర్షన్ వచ్చింది. పాతది తుడిచేసి, మంచిరోజని దసరా నాడే కొత్తది ఎక్కించాలని నిర్ణయించాం. పొద్దున ఆయుధపూజలో కాంటా మామ తక్కెడకూ, తూకపు రాళ్లకూ, మోటారుకూ బొట్లు పెట్టి, బల్లమీదున్న పాత, కొత్త కంపైలర్ల ఫ్లాపీ పెట్టెల దగ్గరికి వచ్చాడు. సావుకారు నాతో, "పూజల పెట్టినయే వాడాలె" అన్నాడు. బొట్లున్న ఫ్లాపీలు ఒకటి, రెండు, మూడు, నాలుగు వరుసగానే ఉన్నాయి. భక్తితో ఎక్కించాను.

మధ్యాహ్నం నుంచి తప్పులే తప్పులు. ఒక్కో తప్పుకూ కంప్యూటరు కీచుమంటుంటే తెర నిండి, పైకి జరిగి, మళ్లీ నిండింది.

"గిదేంది తమ్మీ, పండుగ పూట గిట్ల ఒర్రుతాంది?" అన్నాడు మామ.

"జర ఆగు మామా, చూస్తున్న."

"ఇంకో కొబ్బరికాయ కొడుదమా?"

"దానిమీద కొట్టకపోతే చాలు."

నా ప్రోగ్రాంలో వాక్యం తర్వాత వాక్యం తీసేస్తూ పోయాను. చివరికి ఏ పనీ చెప్పని ఖాళీ ప్రోగ్రాం మిగిలింది. దానికీ తప్పులే! అప్పుడు నాకు ప్రాణం కుదుటపడింది. ఏమీ రాయని చోట నా తప్పు ఉండదు కదా. అంటే లోపం కంపైలర్‌లోనే ఉంది. ఫ్లాపీలు తీసి చూస్తే, వాటిమీది లేబుల్ మూలన వెర్షన్ అంకె ఉండాల్సిన చోట కుంకుమ. వేలితో తుడవబోయాను.

"ఓ పిల్లగా! పండుగనాడు బొట్టు తుడుస్తవా?" మామ నా చెయ్యి పట్టుకున్నాడు.

"అంకె కనవడాలె మామా. నువ్వు ఏ పెట్టెలకెల్లి తీసినవ్ ఇవి?"

"రెండిట్లకెల్లి. రెండు గిందులకెల్లి, రెండు గందులకెల్లి."

"అట్లెందుకు?"

"ఒక్క పెట్టెకే పూజజేస్తే రెండోది ఏం పాపం జేసింది?"

సగం పాతవి, సగం కొత్తవి! కొత్త కంపైలర్ అడిగిన సరుకు పాత ఫ్లాపీల్లో లేదు. అందుకే ఆ గోల. ఇక కొత్త పెట్టెలో మిగిలిన రెండూ కలిపి ఎక్కించాలి. కానీ వాటికి పూజ కాలేదు. సావుకారు జమ్మిచెట్టు పూజకు బయలుదేరుతూ గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు. మామ కుంకుమ భరిణె తెచ్చి, "ఎక్కడ పెట్టాల్నో నువ్వే చూపియ్యి" అన్నాడు. అంకెకు దూరంగా చోటు చూపించాను. మళ్లీ ఎక్కించాను. ఈసారి ఒక్క తప్పూ రాలేదు. ప్రింటరు గరగరమంటూ ఉత్తుత్తి తూకానికి చీటి కక్కింది.

"చూసినవా, బొట్టు మహిమ!" అని సావుకారు జమ్మికి వెళ్లిపోయాడు. నేను వెర్షన్ల సంగతి చెప్పబోయి మానుకున్నాను.

మర్నాడు పొద్దున్నే మొదటి బండి వచ్చింది, చీటి వచ్చింది. రైతు దాన్ని ఎండకు పట్టి చూసుకున్నాడు. అప్పుడు కాంటా మామ భరిణెతో నా దగ్గరికి వచ్చి, "నిన్న అన్నిటికీ పెట్టిన, నిన్నొక్కన్నే మర్సిన" అంటూ నా నుదుట ఇంత బొట్టు పెట్టాడు.