కెజియా ప్రార్థనకు కమిటీ ఆమోదం

2023 నవంబరు, పుంగనూరు. నేను చిల్డ్రన్స్ మినిస్ట్రీ కోఆర్డినేటర్‌గా చేరి అప్పటికి రెండేళ్లు. పదవి పేరు పొడుగ్గా ఉంటుంది గానీ, పని చెప్పడం సులువు. మదనపల్లె, పుంగనూరు, కుప్పం ఊళ్లలో మా సంఘాలకున్న సండే స్కూళ్లను నడిపించాలి. ఎండాకాలం సెలవుల్లో వి.బి.ఎస్. అని పది రోజుల తరగతులు పెట్టి పిల్లలకు బైబిలు కథలు, పాటలు, బొమ్మలు చేయడం నేర్పాలి. డిసెంబరులో క్రిస్మస్ నాటిక వేయించాలి. ఈస్టరుకు ముందు మట్టల ఆదివారం పిల్లల చేతికి ఈత మట్టలిచ్చి, వాటితో ఒకరి కళ్లు ఒకరు పొడుచుకోకుండా వీధి చుట్టూ తిప్పుకురావాలి. చేతిబొమ్మలు కుక్కిన సంచి భుజాన వేసుకుని, టమోటా బాక్సుల పక్కన నిలబడి బస్సుల్లో తిరుగుతుంటాను. మా అమ్మ మాత్రం నాకు ఉద్యోగం రావాలని ఇంకా ఉపవాసాలుంటోంది.

నవంబరులో చిల్డ్రన్స్ సండే వస్తుంది. ఆ ఆదివారం ఆరాధన మొత్తం పిల్లలే నడుపుతారని కరపత్రంలో వేస్తారు. నిజానికి పెద్దవాళ్లు రాసిస్తారు, పిల్లలు అప్పజెబుతారు. ఎనిమిదేళ్ల పిల్లాడు మైకు ముందు నిలబడి "పాపపంకిలములో పొర్లాడుచున్న మేము" అంటాడు. వాడు అప్పటిదాకా పొర్లాడింది బడి గ్రౌండులో మాత్రమే. వెనక బెంచీలో వాళ్ల అవ్వ మాత్రం కళ్లు తుడుచుకుంటూ ఉంటుంది.

ఆ ఏడాది నాకు ఓపిక నశించింది. ప్రార్థనలు మీరే రాసుకోండి, మీకేం కావాలో దేవుణ్ణి మీ మాటల్లోనే అడగండి అని పుంగనూరు పిల్లలకు చెప్పాను. తరువాతి ఆదివారం పదకొండు కాగితాలు వచ్చాయి. ఒకడు తన లెక్కల సారుకు ట్రాన్స్‌ఫర్ కావాలన్నాడు, మంచి ఊరికే ఇవ్వమని జాలి కూడా చూపించాడు. ఒకమ్మాయి వాళ్ల కుక్క పెట్టిన ఐదు పిల్లలకూ ఇళ్లు చూపించమంది. ఇంకొకడు సండే స్కూల్లో ఇచ్చే బిస్కెట్లు మార్చమన్నాడు. అది దేవుడి దాకా పోవాల్సిన పని కాదు గానీ, బిస్కెట్లకు డబ్బులిచ్చే మా చర్చి కమిటీ సంగతి వాడికి తెలిసినట్టుంది.

పదకొండో కాగితం కెజియాది. పదేళ్ల పిల్ల, పెద్దగా మాట్లాడదు. ఆమె రాసింది ఇంతే: "దేవా, మా నాయన ప్రతి ఆదివారం గేటు బయట నిలబడతాడు. లోపలికి రమ్మని ఎవురన్నా పిలిచేటట్టు చెయ్యి. ఆమేన్."

చదివి తల దించుకున్నాను. కారణం భక్తి కాదు, సిగ్గు. గేటు దగ్గర నిలబడే మునెప్పను నేను మొదటి ఆరు నెలలు వాచ్‌మన్ అనుకున్నాను. రెండుసార్లు నా బొమ్మల సంచి పట్టుకోమని ఇచ్చాను కూడా. ఆయన పట్టుకున్నాడు. జనం ఆయన ముందు బండి ఆపి "బండి సూస్తాండప్పా" అని లోపలికి పోయేవాళ్లు. ఆయన చూసేవాడు.

కెజియా తల్లి సువార్తమ్మను అడిగితే సంగతి తెలిసింది. మునెప్ప మేకలు కాసుకునే మనిషి, హిందువు. ఆమె ఆయన్ను ఇష్టపడి చేసుకుంది. సంఘం కొన్నాళ్లు ఆమెను దూరం పెట్టి, తరువాత క్షమించి వెనక బెంచీలో కూర్చోబెట్టింది. కెజియా పుట్టినప్పుడు బిడ్డను దేవుడికి ప్రతిష్ఠ చేసే రోజు, మునెప్ప కొత్త పంచె కట్టుకుని భార్య పక్కన నిలబడబోతే, సంఘపెద్ద ఒకాయన "ఇది విశ్వాసుల కార్యక్రమమప్పా, నువ్వు బయటుండు" అన్నాడట. ఆయన బయటికొచ్చి నిలబడ్డాడు. ఆ మాట ఆ ఒక్క పూటకేనని ఆయనకు ఎవరూ చెప్పలేదు. ప్రతి ఆదివారం మోపెడ్ మీద తల్లీకూతుళ్లను దింపి, ఆరాధన అయ్యేదాకా ఆ గేటు దగ్గరే ఉంటాడు. ఒక్క పూటకు చెప్పిన మాటను పదేళ్లు పాటించాడు. మా విశ్వాసుల్లో ఒక్కరైనా ప్రసంగాన్ని మధ్యాహ్నం భోజనం దాకా పాటించినట్టు నాకు తెలియదు.

ఇక్కడ మా పద్ధతి ఒకటి చెప్పాలి. చర్చిలో మైకు ముందు పిల్లలు ఏం చదవాలన్నా ఆ కాగితం ముందుగా పాస్టరేట్ కమిటీకి పోవాలి. సంఘం వ్యవహారాలు చూసే పెద్దల గుంపు అది. సెక్రటరీ ఆశీర్వాదం గారు రిటైరైన హెడ్మాస్టరు. మంచివాడే. ఆదివారం అందరికంటే ముందొచ్చి కుర్చీలు తుడుస్తాడు. కానీ చేతికి ఎర్ర పెన్ను దొరికితే మనిషి మారిపోతాడు. లెక్కల సారు ట్రాన్స్‌ఫర్ కాస్తా "ఉపాధ్యాయులందరినీ ఆశీర్వదించుము" అయింది. కుక్కపిల్లలు "సమస్త జీవరాశి"లో కలిసిపోయాయి. బిస్కెట్లు మొత్తానికే ఎగిరిపోయాయి. కెజియా కాగితం మీద అడ్డంగా ఒకే గీత.

ఆ గీత ఎందుకని మీటింగులో నేనడిగాను. ఆయన కళ్లజోడు తీసి టేబుల్ మీద పెట్టాడు. ఆయన కళ్లజోడు తీశాడంటే నేను ఐదో తరగతి అని అర్థం.

"ఇది ప్రార్థన కాదప్పా, కంప్లయింటు."

"కంప్లయింటైనా దేవుడికే కదా సార్ ఇచ్చింది. మీకు కాపీ కూడా పెట్టలేదు."

"మైకులో చదివితే మాకు కాపీ వచ్చినట్టే. ఆ పొద్దు అందరి బంధువులూ వస్తారు. మేమేదో ఆయన్ను గెంటేసినట్టుండాది ఇది."

గెంటలేదు సార్, పిలవలేదు అంతే అన్నాను. రావద్దని ఎవరన్నారని ఆయన ఎదురడిగాడు. ప్రతిష్ఠ రోజు జరిగింది చెప్పాను. బల్ల చుట్టూ ఉన్నవాళ్లందరూ ఒక్కసారిగా తమ తమ టీ గ్లాసుల్లోకి చూసుకున్నారు. చివరికి సెక్రటరీ గారే అన్నాడు, "ఆ మాటన్న పెద్దాయన ఇప్పుడు ప్రభువు దగ్గరుండాడు. ఆయన్ను ఏమని అడిగేది?"

నాకు ఒళ్లు మండింది. పదేళ్లుగా ఒక మనిషి ఎండలో నిలబడి ఉంటే, బాధ్యత తీసుకోవాల్సినాయన పరలోకంలో ఉన్నాడు కాబట్టి ఫైలు క్లోజు. అయ్యగారిని, అంటే మా పాస్టరు గారిని చూశాను. ఆయన మెత్తటి మనిషి. "ప్రార్థనలో పెడదాం ప్రవీణ్" అన్నాడు. పిల్ల చేసే ప్రార్థన గురించి పెద్దలు ప్రార్థించడానికి వారం గడువు.

మూడు ఆదివారాల్లో మూడు మీటింగులు జరిగాయి. మదనపల్లెలో ఉన్న మా సంఘాల ఆఫీసుకు రెండు లెటర్లు రాశాను. కుప్పంలో నాటిక రిహార్సల్ వదిలేసి మరీ ఒకసారి వచ్చాను. అక్కడ నేను లేని ఆ పూట బాలయేసును చూడవచ్చే ముగ్గురు జ్ఞానుల వేషం కట్టిన పిల్లలు కొట్టుకుని, ఒక జ్ఞానికి పెదవి చిట్లింది. అయినా ఒక పిల్ల గొంతు కోసం పోరాడుతున్నానని నాకు నేనే తెగ మెచ్చుకున్నాను. మూడో మీటింగులో రాజీ కుదిరింది. సెక్రటరీ గారు స్వయంగా కూర్చుని కొత్త ప్రార్థన రాసిచ్చాడు:

"ప్రభువా, సంఘమునకు వెలుపల నిలిచియున్న ఆత్మలను నీ కృపాద్వారమున లోనికి నడిపించుమని వేడుకొనుచున్నాము."

కమిటీ ఆమోదించింది. మినిట్స్‌లో రాసుకున్నారు. నేను గెలిచాననే అనుకున్నాను.

శనివారం ప్రాక్టీసులో కెజియాకు ఆ కాగితం ఇచ్చాను. ఆమె రెండుసార్లు చదువుకుని తలెత్తింది.

"అన్నా, ఇందులో మా నాయన యాడుండాడు?"

"ఇదో, వెలుపల నిలిచియున్న ఆత్మలు అని ఉండాది కదా. అదే మీ నాయన."

ఆ పిల్ల తల అడ్డంగా ఊపింది. "మా నాయన ఆత్మ కాదన్నా. మనిషే."

"గమ్మున నేర్చుకో పాపా, బాగుంటుంది" అన్నాను. ఆమె గమ్మున నేర్చుకుంది. సాయంత్రానికల్లా అప్పజెప్పింది.

ఆదివారం చర్చి నిండింది. కెజియా తెల్ల గౌను వేసుకుని మైకు దగ్గరికి వచ్చి, ఒక్క తప్పు లేకుండా ఆ వాక్యం చెప్పింది. "ఆమేన్" అని సంఘమంతా గట్టిగా పలికింది. ముందు వరుసలో సెక్రటరీ గారు తృప్తిగా తలాడించాడు. తరువాతిది యాక్షన్ సాంగ్, అంటే చేతులూ కాళ్లూ ఆడిస్తూ పిల్లలు పాడే పాట. మిగతా పిల్లలు వచ్చి వరుసలో నిలబడుతున్నారు. కెజియా మాత్రం మైకు దగ్గరే నిలబడి, తెరిచి ఉన్న తలుపులోంచి గేటు వైపు చూస్తోంది. అడిగింది కదా, ఇక ఎవరన్నా పిలుస్తారని చూస్తోంది. ఆ చర్చిలో ఆ ప్రార్థన నిజంగా చేసింది ఆ పిల్ల ఒక్కతే.

అప్పుడు నా మొహాన ఎవరో నీళ్లు కొట్టినట్టయింది. దేవుణ్ణి ఆమె అడిగింది "ఎవురన్నా" అని. నేనూ ఎవడో ఒకణ్ణే కదా. ప్రార్థన మైకులో చదవడానికి పర్మిషన్ కోసం మూడు వారాలు ఊళ్లు తిరిగాను గానీ, అందులో అడిగిన పని చేద్దామని ఒక్కరోజు కూడా తోచలేదు. ఆ పనికి లెటర్ అక్కర్లేదు, మీటింగు అక్కర్లేదు. నలభై అడుగులు నడవాలి.

నడిచాను. మునెప్ప మోపెడ్ సీటుకు ఆనుకుని నిలబడున్నాడు.

"మునెప్పన్నా, లోపలికి రా. పాప పాట పాడతాది."

ఆయన వెనక్కి తిరిగి చూశాడు, ఇంకెవరినన్నా పిలుస్తున్నానేమోనని. "నన్నా? పెద్దోళ్లు ఏమన్నా అనుకుంటారప్పా."

"అనుకుంటే నన్ననుకుంటారు. నాకు అలవాటే."

ఆయన తన మట్టికాళ్ల వైపు చూసుకున్నాడు. తరువాత అడిగిన మాట నేను మరిచిపోలేను. "మరి ఈ బండ్లు ఎవురు సూస్తారు?"

పదేళ్ల తరువాత పిలుపొస్తే ఆయనకు ముందు గుర్తొచ్చింది మా వాళ్ల బండ్లు. నాకు ఏడుపొచ్చింది గానీ, ఏడవడానికి టైం లేదు, లోపల కీబోర్డు మొదలైపోయింది. "దేవుడు సూస్తాడులే" అన్నాను.

కొళాయి దగ్గర కాళ్లు కడుక్కుని, భుజం మీది టవల్‌తో తుడుచుకుని వచ్చాడు. వెనక బెంచీలో సువార్తమ్మ పక్కకు జరిగింది. ఆ యాక్షన్ సాంగ్ నా వృత్తి జీవితంలో ఘోరంగా పాడైన వాటిలో ఒకటి. అందరూ చేతులెత్తితే కెజియా దించింది. అందరూ కుడికి తిరిగితే ఆమె ఎడమకు తిరిగి పక్కపిల్లను గుద్దుకుంది. కళ్లు మొత్తం వెనక బెంచీ మీదే. పళ్లు మొత్తం బయటే.

ఆరాధన అయ్యాక సెక్రటరీ గారు నన్ను పక్కకు పిలిచాడు. కమిటీకి చెప్పకుండా ఎట్ల పిలిచినావన్నాడు.

"లోనికి నడిపించుమని మీరే రాసిచ్చినారు కదా సార్. నడిపించినాను."

ఆయన కళ్లజోడు తీశాడు, మళ్లీ పెట్టుకున్నాడు. ఆ నెల మినిట్స్‌లో మాత్రం "సందర్శకుడు ఒకరు హాజరైరి" అని రాసి ఉంది. పదేళ్లు గేటు కాసినాయన మా లెక్కలో సందర్శకుడు.

మునెప్ప ఇప్పుడు కొన్ని ఆదివారాలు లోపల కూర్చుంటాడు, కొన్ని వారాలు మేకల పనుంటే రాడు. వాళ్ల గంగమ్మ జాతరకూ పోతాడు. ఆయన మతం మారతాడా అని నన్ను అడిగేవాళ్లున్నారు. కూతురి పాట వినడానికి వచ్చిన మనిషిని అంతకుమించి ఏదైనా అడిగే హక్కు, పదేళ్లు ఎండలో నిలబెట్టిన వాళ్లకుందని నేననుకోను.

ఈ పనిలో నేను నేర్చుకున్నది అక్కడే. పిల్లల విశ్వాసాన్ని పెంచుతున్నామని చెప్పుకుంటూ వాళ్ల ప్రార్థనల్ని దిద్దుతాం, మంచి తెలుగులోకి మారుస్తాం, బాగా చెప్పినవాళ్లకు ప్రైజులిస్తాం. పిల్లలు మాత్రం అడిగాక తలుపు వైపు చూస్తారు. ఎవరూ కదలకపోతే, దేవుడికి వినపడలేదనుకుంటారు. ఇప్పుడు మూడు ఊళ్లలోనూ పిల్లల ప్రార్థన కాగితాలు కమిటీకి పోవు. ముందు నేను చదువుతాను. దిద్దడానికి కాదు, అందులో నేను చేయగలిగిన పనేమన్నా ఉందేమో చూడటానికి. సగానికి సగం కాగితాల్లో ఉంటుంది.

కెజియా ప్రార్థన మూడు వారాలు గేటుకు నలభై అడుగుల దూరంలో పడి ఉంది. దేవుడు ఆలస్యం చేశాడని నేను చెప్పను. ఆలస్యం చేసింది మేమే, ఏకగ్రీవంగా.